ఇరవై వారాల పెట్టె

తలుపు తోసుకుని లోపలికి రండి. బయట నాలుగు కొట్టకముందే చీకటి పడిపోయింది. టే నది మీదినుంచి వీచే గాలికి చెవులు మొద్దుబారాయి. ఇది స్కాట్లండు తూర్పు తీరంలోని డండీ పట్నం, 1983 డిసెంబరు, క్రిస్మస్‌కు ముందరి ఒక శనివారం. మీరున్నది పుస్తకాలూ పత్రికలూ అమ్మే పెద్ద దుకాణంలో. గ్రీటింగు కార్డుల వరసలు దాటండి, పెన్నుల బీరువా దాటండి, ఇంకాస్త వెనక్కి నడవండి. పదీ పన్నెండేళ్ళ పిల్లలు ఒకళ్ళ భుజాల మీంచి ఒకళ్ళు తొంగి చూస్తున్న చోట ఆగండి.

వాళ్ళ తలల మధ్యలోంచి ముందు ఒక టీవీ కనిపిస్తుంది. దాని కింద, బల్లకు బిగించి ఉన్న చిన్న నల్లటి పెట్టె. రెండు అరచేతులు పక్కపక్కన పరిస్తే దాదాపు కప్పేయొచ్చు. కుడివైపు మూలన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, లేత నీలం చారలు. బూడిదరంగు రబ్బరు మీటలు నలభై. పేరు జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్.

వంతు వచ్చిన కుర్రాడు ‘పి’ మీట ఒక్కసారి నొక్కాడు. తెర మీద ప్రింట్ అనే మాట మొత్తం పడింది. దాని పక్కన కొటేషన్ గుర్తుల మధ్య ‘డండీ యునైటెడ్ ఛాంపియన్స్’ అని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. మే నెలలో ఆ జట్టు స్కాట్లండు లీగు గెలిచింది, ఊరు ఇంకా ఆ ఊపులోంచి బయటపడలేదు. రెండో వరసలో మళ్ళీ మొదటికి వెళ్ళమన్న ఆజ్ఞ. రన్. ఇరవై రెండు వరసలూ ఒక్క ఊపున నిండిపోయాయి, అడుగున ‘స్క్రోల్?’ అని ప్రశ్న పడింది. ఏదో మీట నొక్కాడు, మళ్ళీ నిండింది. వెనకున్న వాళ్ళు ఇక జరగమంటున్నారు. దుకాణం అమ్మాయి వచ్చి పెట్టె వెనకనున్న కరెంటు తీగ లాగేసి, తిరిగి గుచ్చింది. దీనికి ఆన్-ఆఫ్ స్విచ్ లేదు. గుర్తుపెట్టుకోండి, ఈ లేకపోవడాల సంగతికి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు తల ఎత్తి ధరల అట్టలు చదవండి. స్పెక్ట్రమ్ 16కె, 99 పౌండ్ల 95 పెన్నీలు. 48కె, 129 పౌండ్ల 95 పెన్నీలు. కమొడోర్ 64 రెండు వందలు దాటింది. బళ్ళో పిల్లలు చూసే బీబీసీ మైక్రో మోడల్ బి ఇంట్లో కావాలంటే 399. సగం ఖర్చు ప్రభుత్వం పెట్టుకున్నా బడి ఒకటీ రెండూ మించి కొనలేకపోయింది. (మరుసటి ఏడాది మన దేశంలో క్లాస్ పథకం కింద సుమారు 250 బడులకు వచ్చినవీ ఆ బీబీసీ మైక్రోలే.)

బల్ల దగ్గర ఒకావిడ పర్సు తెరవకుండా పట్టుకుని నిలబడి ఉంది. పక్కనే పన్నెండేళ్ళ కొడుకు. ఆవిడ కళ్ళు 99కీ 129కీ మధ్య తిరుగుతున్నాయి.

“పదహారు సరిపోదుట్రా?”

“కొత్త ఆటలన్నీ నలభై ఎనిమిదికేనమ్మా.”

వీళ్ళతోనే వెళదాం. పేర్లు అక్కర్లేదు, ఆ ఏడు ఆ దేశంలో ఇలాంటి ఇళ్ళు వేలకు వేలున్నాయి. పర్సులో ఉన్నవి పోస్టాఫీసులో తీసుకున్న డబ్బులు. బ్రిటన్లో ప్రతి బిడ్డకూ తల్లి చేతికి వారంవారం వచ్చే చైల్డ్ బెనిఫిట్ గత నెలలోనే పెరిగి ఆరున్నర పౌండ్లయింది. అందులోంచి ఆవిడ ఎప్పట్నుంచో మిగుల్చుకుంటూ వచ్చింది. నిరుద్యోగులు ముప్పై లక్షలు దాటిన దేశం అది. ఆ 48కె ధర మన రూపాయల్లో చూస్తే అప్పటి మారకంలో పౌండుకు పదిహేను చొప్పున రెండు వేలకు కాస్త తక్కువ. అప్పట్లో హైదరాబాదులో ఒక మామూలు గుమాస్తా నెల జీతానికి మించిన మొత్తం.

వరస మెల్లగా కదులుతోంది, ఈలోగా కాస్త వెనక్కి చూడండి. 1977లో అమెరికాలో ఆపిల్ 2 వచ్చినప్పుడు 4 కిలోబైట్ల మెమరీతో 1,298 డాలర్లు. అది డాక్టర్లూ ఇంజినీర్లూ కొనుక్కున్న యంత్రం. 1980లో కేంబ్రిడ్జిలో క్లైవ్ సింక్లెయిర్ జెడ్‌ఎక్స్80ని తయారైన పెట్టెగా 99 పౌండ్ల 95 పెన్నీలకు పెట్టాడు, విడిభాగాలు తెచ్చుకుని మీరే టంకం వేసుకుంటే ఇరవై తక్కువ. మరుసటి ఏడు జెడ్‌ఎక్స్81 దాన్నీ 70 పౌండ్ల కిందికి దించింది. మెమరీ ఒకే ఒక్క కిలోబైటు, వెనక తగిలించే అదనపు మెమరీ డబ్బా కాస్త కదిలితే రాసుకున్నదంతా పోయేది. అయినా కొన్నారు, లక్షల మంది కొన్నారు. 1982 ఏప్రిల్ 23న స్పెక్ట్రమ్ వచ్చింది, 48కె ధర 175. చెక్కులు పోస్టులో పంపిన వాళ్ళు వారాల తరబడి, కొందరు నెలల తరబడి గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. ఈ ఏడు ధర ఇంకా దిగింది కనకనే ఈ తల్లి ఇక్కడుంది. అట్లాంటిక్ అవతల ఇదే శరదృతువులో ధరల పోరు ఎంత ముదిరిందంటే, రెండేళ్ళ కింద 525 డాలర్లకు అమ్మిన యంత్రాన్ని టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాభై లోపుకే వదిలించుకుని ఆ వ్యాపారం నుంచే తప్పుకుంది.

పర్సు తెరుచుకుంది. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది. ఆట క్యాసెట్ కూడా ఒకటి, మానిక్ మైనర్, 5 పౌండ్ల 95. దాని గురించి కొడుకు తల్లి ముఖం చూడకుండా అడిగాడు, ఆవిడా వాడి ముఖం చూడకుండానే డబ్బులిచ్చింది.

బస్సెక్కండి. పై అంతస్తులో సిగరెట్ పొగ, కిటికీలకు ఆవిరి. పెట్టె ఒళ్ళో పెట్టుకుని కుర్రాడు దాని మీది రాతలు మూడోసారి చదువుతున్నాడు. లోఖీ దగ్గరికి వచ్చాక అద్దం తుడిచి చూస్తే చీకట్లో ఎత్తయిన పొగగొట్టం కనిపిస్తుంది, కాక్స్ స్టాక్. దాని కిందున్న కాంపర్‌డౌన్ వర్క్స్ ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద జనపనార మిల్లు. రెండేళ్ళ కిందట మూతపడింది. ఆ నార వచ్చింది బెంగాలు నుంచి. హుగ్లీ ఒడ్డున మిల్లులు లేచాక వాటిని నడిపించిన మేనేజర్లలో, ఓవర్సీర్లలో ఎందరో ఈ డండీవాళ్ళే. ఆ మిల్లుల్లో పనికి గంజాం, శ్రీకాకుళం వైపునుంచి వెళ్ళిన మనవాళ్ళు తరాల తరబడి ఉన్నారు. డండీ పేరు వాళ్ళు ఏదో ఒక యంత్రం మీద చదివే ఉంటారని నాకెప్పుడూ అనిపిస్తుంది.

జనపనార పోయాక ఊరికి మిగిలిన పెద్ద ఆధారాల్లో ఒకటి టైమెక్స్ గడియారాల ఫ్యాక్టరీ. చేతివేళ్ళ నైపుణ్యం కావాలి గనక అక్కడ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్ళు. ఈ ఏడాది మొదట్లో చేతి గడియారాల తయారీ ఆపేస్తామన్నారు. వందలాది ఉద్యోగాలు పోతాయనేసరికి మిల్టన్‌లోని ఆ ఫ్యాక్టరీని కార్మికులు ఆక్రమించి వారాలపాటు లోపలే కూర్చున్నారు. అందులో ఈ తల్లి ఉద్యోగం పోయింది. ఈవిడ చెల్లెలిది మిగిలింది, కాంపర్‌డౌన్‌లోని ఇంకో టైమెక్స్ ఫ్యాక్టరీలో. అక్కడ తయారయ్యేది గడియారాలు కాదు. ఇప్పుడు కుర్రాడి ఒళ్ళో ఉన్న పెట్టె ఆ ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చి, దేశమంతా తిరిగే సరుకులో ఒకటిగా దుకాణం చేరి, మళ్ళీ ఇదే ఊళ్ళోకి వస్తోంది.

ఇంట్లోకి రండి. గ్యాసు హీటరు ముందు తివాచీ మీద కూర్చోండి. పండగదాకా దాచాల్సిందే, కానీ పిన్ని పొద్దున్నే చెప్పి వెళ్ళిందట: “ముందే పెట్టి చూడండి. తీరా ఆ రోజు పని చెయ్యకపోతే దుకాణాలు మూసి ఉంటాయి.” ఆ మాట కుర్రాడికి వేదవాక్కయింది.

అట్టపెట్టె మూత తీస్తే థర్మాకోల్ కిర్రుమంటుంది. యంత్రం, కరెంటు అడాప్టరు, ఒక టీవీ తీగ, ఒక క్యాసెట్ తీగ, నారింజరంగు అట్టతో స్ప్రింగు బైండింగు పుస్తకం. ముఖ్యమైనవి అవే. తెర లేదు, ఎందుకంటే మీ ఇంట్లో టీవీ ఉంది. డిస్కు లేదు, ఎందుకంటే మీ ఇంట్లో టేప్‌రికార్డరు ఉంది. కంప్యూటరులో ఖరీదైన భాగాలు రెంటినీ సింక్లెయిర్ మీ ఇంట్లో ముందే ఉన్నవాటితో సరిపెట్టేశాడు.

యంత్రం చేతిలోకి తీసుకోండి. బరువే లేదు. మీట నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది, టక్కుమనదు. మామూలు కీబోర్డులో మీటమీటకూ ఒక స్ప్రింగు, ఒక స్విచ్. ఇక్కడ నలభై మీటలూ కలిపి ఒకే రబ్బరు షీటు, దాని కింద పల్చటి పొర, పైన చిల్లులున్న రేకు. ఈ రూపం ఇచ్చిన రిక్ డికిన్సన్ అనే యువ డిజైనరు భాగాలు తగ్గించడంలోనే అందం చూశాడు. ఒక్కో మీట మీదా, చుట్టూ కలిపి ఐదారు మాటలున్నాయి. చూడ్డానికి గజిబిజి. కానీ ‘పి’ నొక్కితే ప్రింట్ మొత్తం పడటం, అది మెమరీలో ఒక్క బైటుగా ఇమిడిపోవడం, పిల్లవాడికి అక్షరదోషం రాకపోవడం, మూడూ ఆ గజిబిజిలోంచే వచ్చాయి.

లోపలి సంగతి పైకి కనిపించదు గనక నేనే చెప్పాలి. ఈ 48కెలో అదనపు 32 కిలోబైట్ల కోసం వాడిన ఎనిమిది చిప్పులూ నిజానికి రెట్టింపు మెమరీ కోసం తయారైనవి. ఫ్యాక్టరీ పరీక్షలో ఒక సగం చెడిపోయి ఉందని తేలితే అవి పారేయాల్సిన సరుకు. సింక్లెయిర్ వాటిని చవగ్గా కొని, ఏ సగం బాగుందో ఆ సగమే పనిచేసేలా బోర్డు మీద ఒక తీగముక్కతో ఏర్పాటు చేశాడు. సంతలో ఒకపక్క పుచ్చిన వంకాయలు సగం ధరకు తెచ్చి, పుచ్చు కోసేసి, గుత్తివంకాయ కాకపోయినా మంచి కూర వండి పెట్టే ఇల్లాలి తెలివి అది. ఈ యంత్రం మీద నాకున్న గౌరవంలో సగం ఆ చిప్పుల దగ్గరే మొదలైంది.

తీగలు తగిలించారు. టీవీ అద్దెది, ఇంటికంతటికీ ఒక్కటి. ఖాళీగా ఉన్న బొత్తం నొక్కి, దాని పక్కనున్న చిన్న మరను తిప్పుతూ ముప్పై ఆరో ఛానలు కోసం వెతకాలి. చుక్కల వాన, బుస్సుమన్న మోత. ఇంకాస్త. ఒక నల్లటి నీడ కదిలి పోయింది. వెనక్కి తిప్పు. లేత బూడిదరంగు తెర, చుట్టూ అంచు, అడుగున చిన్న అక్షరాల్లో సింక్లెయిర్ రీసెర్చ్ పేరు, 1982. అంతకుమించి ఏమీ లేదు. ఏం చెయ్యమని గానీ, దేని మీద నొక్కమని గానీ లేదు.

“పాడైందా?” అంది తల్లి.

“లేదమ్మా. మనం చెప్పేదాకా ఆగుతుంది.”

‘జె’ నొక్కితే లోడ్ పడింది. రెండు కొటేషన్లు. ఎంటర్. టేప్‌రికార్డరు ప్లే బొత్తం. ముందు తీగలాంటి సన్నటి కూత, తెర అంచున ఎరుపు, లేత నీలం పట్టీలు మెల్లగా పాకుతాయి. చిన్న గురగుర. ఆట పేరు పడింది. మళ్ళీ కూత, ఆ వెంటనే కీచుమనే రొద, అంచు నిండా నీలం, పసుపు గీతలు పిచ్చెత్తినట్టు వణుకుతాయి. మీ చెవులకు గోల అనిపిస్తున్నది అసలు ప్రోగ్రామే, ఒకటి, సున్నా, ఒకటి, సెకనుకు సుమారు పదిహేను వందల చొప్పున. పాటల క్యాసెట్‌కు వాడే తీగ, పాటలు వినే యంత్రం. కొన్ని నిమిషాలు పడుతుంది. ఎవరూ మాట్లాడొద్దని కుర్రాడు చెయ్యి ఎత్తాడు, మాట్లాడితే టేపుకేమీ కాదని తెలిసినా.

మూడో నిమిషంలో రొద ఆగిపోయింది. ‘ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్.’

ఈ నాలుగు మాటలకు బ్రిటన్లో ఒక తరం పిల్లల గుండె జారింది. వాల్యూమ్ కాస్త పెంచారు. టేపు వెనక్కి. మళ్ళీ కూత, మళ్ళీ గీతలు. ఈసారి తండ్రి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, టీకప్పు చేత్తో పట్టుకుని. రొద చివరిదాకా సాగింది. తెర నల్లబడి, వెలిగి, రంగులు పడ్డాయి, ఆ ఒంటి స్పీకరులోంచి ‘బ్లూ డాన్యూబ్’ వాల్ట్‌జ్ గరగరలాడుతూ మొదలైంది. రాసిన మాథ్యూ స్మిత్ కూడా ఇంకా ఇరవై నిండని కుర్రాడే.

గనిలో చిన్న మనిషి పరుగెడుతున్నాడు. ఇంకో బొమ్మ పక్కకు వచ్చినప్పుడు ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకుంటుంది, గమనించండి. తెర మీది చుక్కచుక్కకూ విడిగా రంగు రాసిపెట్టుకోవాలంటే 24 కిలోబైట్లు కావాలి, అంటే ఉన్న మెమరీలో సగం. అందుకని ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు గడికి రెండే రంగులు అన్నారు, మొత్తం తెర ఏడు కిలోబైట్లలోపు ఇమిడిపోయింది. బీబీసీ మైక్రో ఉన్నవాళ్ళు ఆ రంగుల కలగాపులగం చూసి నవ్వేవాళ్ళు. నాకు మాత్రం అందులో రెండు వందల డెబ్బై పౌండ్ల తేడా కళ్ళెదుట కనిపిస్తుంది. 399 పెట్టగల ఇల్లు వేరు, ఈ ఇల్లు వేరు. ఆ గడుల్లో రంగు కలిసిపోకుండా ఉండాలని పట్టుబట్టి ఉంటే ఈ తివాచీ మీద ఈ పెట్టె ఉండేది కాదు.

ఏడు గంటలకు పిన్ని వచ్చింది. కోటు విప్పకుండానే వంగి, ఆట మధ్యలో ఉందని కూడా చూడకుండా యంత్రం ఎత్తి అడుగు వైపు నంబరు చూసింది. తీగ ఊడింది. ఆట పోయింది.

“పిన్నీ!”

“మా లైను మీంచే వచ్చి ఉంటుందే అక్కా, ఇది” అంది ఆవిడ, వాడి కేక వినిపించుకోకుండా. రబ్బరు షీటు మీద బొటనవేలితో రాసి, రేకు అంచు ఎక్కడైనా లేచిందేమోనని గోటితో తడిమింది. రోజంతా వీటిని బిగించే చేతులవి. ఈ పెట్టెలతో ఏం చేస్తారో ఆవిడ చూడటం ఇదే మొదటిసారి. కూర్చుంది.

వచ్చే పదిహేనేళ్ళలో ఈ ఊళ్ళో ఏం జరగబోతోందో ఈ గదిలో ఎవరికీ తెలియదు. ఇంటింటా ఈ పెట్టె ఉన్న ఊరది. ఫ్యాక్టరీ వెనక గుమ్మంలోంచి కూడా కొన్ని ఇళ్ళకు చేరాయని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. కింగ్స్‌వే టెక్నికల్ కాలేజీలో కూడుకునే కంప్యూటర్ క్లబ్బులో కలిసిన కుర్రాళ్ళు డీఎంఏ డిజైన్ అనే సంస్థ పెట్టారు. వాళ్ళలో డేవిడ్ జోన్స్ టైమెక్స్‌లో పనిచేసి, ఉద్యోగం వదిలినప్పుడు వచ్చిన పరిహారంతో ఇంకా మంచి కంప్యూటరు కొన్నవాడు. 1991లో లెమ్మింగ్స్, 1997లో గ్రాండ్ థెఫ్ట్ ఆటో డండీ నుంచే వచ్చాయి. అదే 1997లో ఇక్కడి అబర్టే విశ్వవిద్యాలయం కంప్యూటర్ ఆటల మీద డిగ్రీ మొదలుపెట్టింది. సింక్లెయిర్ కంప్యూటర్ల వ్యాపారాన్ని 1986లో ఆమ్‌స్ట్రాడ్ యాభై లక్షల పౌండ్లకు కొనేసింది. టైమెక్స్ ఫ్యాక్టరీ ఘోరమైన సమ్మె తర్వాత 1993లో మూతపడింది. ఇలాంటి చేతుల పని అలా ముగిసింది. ఆ ముగింపు సంగతి ఆటల గొప్పలు చెప్పేటప్పుడు ఎవరూ చెప్పరు, అది నాకు బాధ.

సరే, గదిలోకి రండి. ఆట మళ్ళీ లోడ్ చెయ్యడానికి తండ్రి ఒప్పుకోలేదు. ఎనిమిదింటికి టీవీ తనకి కావాలి. కుర్రాడు నారింజరంగు పుస్తకం తెరిచాడు. స్టీవ్ విక్కర్స్ రాసిన ఆ పుస్తకం పిల్లవాడితో కూడా పెద్దవాడితో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. ఆ ఖాళీ తెర ముందు, ఆ పుస్తకంతో, ఆట లేని గంటలోనే ఎంతోమంది ప్రోగ్రామర్లయ్యారు. యంత్రంలో ముందే నింపిన వినోదం ఏదీ లేకపోబట్టే అది సాధ్యమైందని నేను గట్టిగా నమ్ముతాను.

“ఇది లెక్కలు చేస్తుందన్నావుగా” అంది తల్లి. “వారానికి ఆరున్నర చొప్పున, ఈ పెట్టె ఎన్ని వారాలది?”

కుర్రాడు కొట్టాడు. 10, ధర ఎంతని అడుగు. 20, వారానికి ఎంతని అడుగు. 30, దాన్ని దీంతో భాగించి చూపించు. రన్. 129.95. ఎంటర్. 6.5. ఎంటర్.

19.992308.

నలుగురూ ఆ అంకె చూశారు. పిన్ని వేలితో తెర మీద చుక్క తర్వాతి అంకెలు లెక్కపెట్టింది.

“ఇరవై అని చెప్పొచ్చుగా” అంది తల్లి.

“ఉన్నదున్నట్టు చెబుతుందమ్మా.”

“అయితే ఇంకోటి అడుగు. ఆ టీవీ అద్దె ఏడాదికి ఎంతవుతుంది?” తండ్రి కప్పు కింద పెట్టేశాడు. తర్వాత గ్యాసు బిల్లు. తర్వాత పిన్ని ఓవర్‌టైము, అది రెండు రేట్లలో ఉంటుంది గనక కుర్రాడు ఇంకో వరస కలపాల్సొచ్చింది, ‘ఇఫ్’ అనే మీట ఎక్కడుందో నలుగురూ కలిసి వెతికారు. ‘యు’ మీద దొరికింది.

గడియారం ఎనిమిది దాటింది. తండ్రికి టీవీ గుర్తొచ్చింది. తీగ లాగితే రాసినదంతా పోతుంది. ఖాళీ క్యాసెట్ లేదు. తల్లి లేచి డ్రాయరు వెతికి, ఎప్పటివో పాటలున్న పాతది తెచ్చింది, మళ్ళీ రికార్డు అయ్యేలా పైనున్న చిల్లులకు సెలోటేపు అంటించింది. సేవ్, పేరు, ఎంటర్. టేపు తిప్పి ఏ మీటైనా నొక్కమంది యంత్రం. పిన్ని నొక్కింది. కూత, గీతలు, పట్టుమని పది సెకన్లు.

“అయిందా?” అన్నాడు తండ్రి, టీవీ వెనక చెయ్యి పెట్టి.

“ఇంకా వెరిఫై చెయ్యాలి నాన్నా” అన్నాడు కుర్రాడు, టేపు వెనక్కి తిప్పుతూ.